గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు, కానీ దేని లెక్కన? మొక్కల ఫినాలిక్స్ పరీక్షల్లో స్టాండర్డులు, రీజెంట్లు

నల్లమల కరక్కాయలు కొట్టి చేసిన పొడి ఒకటే. దాన్ని రెండు పొట్లాలు కట్టి రెండు ల్యాబులకు పంపారనుకుందాం. ఒక రిపోర్టులో మొత్తం ఫినాలిక్స్ గ్రాముకు 112.5 మిల్లీగ్రాములని వచ్చింది. రెండోదాంట్లో 140.6 అని వచ్చింది. అమ్మేవాడు సహజంగానే రెండో అంకెను ప్యాకెట్ మీద అచ్చు వేయిస్తాడు. రెండూ చూసినవాడు ఏదో ఒక ల్యాబువాళ్లకు పని చేతకాలేదనుకుంటాడు. కానీ రెండు చోట్లా పని శుద్ధంగా జరిగినా ఈ తేడా రావచ్చు. ఎలా వస్తుందో కాసేపట్లో లెక్క వేసి చూద్దాం.

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక జొన్న రవ్వ, సజ్జ బిస్కెట్ల మీద "పాలీఫినాల్స్", "యాంటీ ఆక్సిడెంట్లు" అనే మాటలు మామూలైపోయాయి. త్రిఫల చూర్ణాల మీదైతే ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ మాటల పక్కన అంకె ఉంటే జనం ఇంకాస్త నమ్ముతారు. ఆ అంకె పుట్టేది రెండు సీసాల్లోంచి. మొక్క రసంతో కలిసి రంగు తెప్పించే మందు రీజెంటు. ఆ రంగు ఎంత పదార్థానికి వస్తుందో ముందే తేల్చుకోవడానికి వాడే, స్వచ్ఛత తెలిసిన పదార్థం స్టాండర్డు. వీటిలో ఏది మారినా అంకె మారుతుంది.

## వగరు వెనుక ఉన్న రసాయనాలు

బెంజీన్ వలయం, దానికి నేరుగా అతుక్కుని కనీసం ఒక హైడ్రాక్సిల్ గుంపు. ఈ కట్టడం ఉన్నదల్లా ఫినాలిక్ పదార్థమే. మొక్కల్లో ఇలాంటివి 8,000కు పైగా గుర్తించారు. చిన్నవి ఫినాలిక్ ఆమ్లాలు: గాలిక్, కెఫీక్, ఫెరూలిక్ ఆమ్లాల వంటివి. రెండు వలయాల మధ్య మూడు కార్బన్ల వంతెన ఉంటే అవి ఫ్లేవనాయిడ్లు. ఉల్లి పొరల్లోని క్వెర్సెటిన్, తేయాకులోని కాటెచిన్, బత్తాయిలోని హెస్పెరిడిన్ ఈ కుటుంబంవే. కాటెచిన్ లాంటివి గొలుసుగా కలిస్తే కండెన్స్‌డ్ టానిన్లు. చక్కెర అణువు చుట్టూ గాలిక్ ఆమ్లం లాంటివి అతుక్కుంటే హైడ్రోలైజబుల్ టానిన్లు. జొన్నలో ఉంటే గింటే మొదటి రకం ఉంటుంది, కరక్కాయలో రెండోది దండిగా ఉంటుంది.

కరక్కాయ కొరికితే నోరు పిడచకట్టుకుపోయేది టానిన్ల వల్లే. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. పచ్చి తోలులోని ప్రోటీన్‌నూ అలాగే పట్టుకుంటాయి కాబట్టే ఊళ్లలోని లందల్లో తోలు ఊనడానికి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలు వాడేవారు. ఇప్పుడు తంగేడంటే బతుకమ్మ, రాష్ట్ర పుష్పం గుర్తొస్తాయి గానీ, వెనకటి తోలు పనివాళ్లకు దాని బెరడే విలువైనది.

కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచుకున్నదీ ఈ రసాయనంతోనే. అన్నభేదిలోని ఇనుము, కాయలోని ఫినాలిక్స్ కలిసి నల్లరంగు కడతాయి. డిగ్రీ ల్యాబులో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేసి ఫినాల్ ఉందో లేదో చూసే పరీక్ష ఆ సిరాకు చుట్టమే. ఉందా లేదా అంటే ఆ రంగు చాలు. ఎంత ఉంది అన్నప్పుడే చిక్కులు మొదలవుతాయి.

## ఫ్లోరైడ్ అంకె వేరు, ఫినాలిక్స్ అంకె వేరు

నల్లగొండ వాళ్లకు ల్యాబు అంకెలు కొత్త కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరే నిలిచింది. ఫ్లోరైడ్ విషయంలో ఒక సుఖం ఉంది. అది ఒకే ఒక అయాన్. సోడియం ఫ్లోరైడ్ తూచి నీళ్లలో కరిగిస్తే ఆ ద్రావణమే స్టాండర్డు. బోరునీళ్లలో కొలిచేదీ సీసాలో ఉన్నదీ ఒకటే. రెండు ల్యాబుల అంకెలు బాగా తేడా వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఫినాలిక్స్‌లో ఆ సుఖం లేదు. కరక్కాయ రసంలో పదుల కొద్దీ వేర్వేరు పదార్థాలు కలిసి ఉంటాయి. అన్నింటికీ కలిపి ఒకే అంకె కావాలంటే, ఒకదాన్ని కొలబద్దగా ఎంచుకుని మిగతావన్నీ దాని లెక్కలో చెప్పుకోవాలి. పూర్వం మిరపకాయలకైనా చింతపండుకైనా వడ్ల లెక్కన ధర కట్టినట్టన్నమాట. ఈ లెక్కలో వడ్ల స్థానం గాలిక్ ఆమ్లానిది. రిపోర్టుల్లో కనిపించే "జీఏఈ", అంటే గాలిక్ యాసిడ్ ఈక్వివలెంట్స్, చెప్పేది ఇదే. గ్రాముకు 112.5 మి.గ్రా. జీఏఈ అంటే పొడిలో అంత గాలిక్ ఆమ్లం ఉందని కాదు. పొడిలోని పదార్థాలన్నీ కలిసి తెప్పించిన రంగు, 112.5 మి.గ్రా. గాలిక్ ఆమ్లం తెప్పించే రంగుతో సమానమని. అమ్మకపు ప్రకటనల్లో ఈ "సమానం" మాట తరచూ రాలిపోతుంది.

## ఫోలిన్ సీసాలో ఏముంది

అందరూ వాడే పసుపుపచ్చటి మందు పేరు ఫోలిన్-సియోకాల్టో రీజెంటు. ఒట్టో ఫోలిన్, వింటిలా సియోకాల్టో 1927లో దీన్ని తయారు చేసింది మొక్కల కోసం కాదు, ప్రోటీన్లలోని టైరోసిన్, ట్రిప్టోఫాన్‌లను కొలవడానికి. 1951 నుంచి లౌరీ పద్ధతిలో ప్రోటీన్ కొలుస్తున్నదీ ఈ మందుతోనే. 1965లో సింగిల్టన్, రోస్సి ద్రాక్ష సారాయిలోని ఫినాలిక్స్‌కు దీన్ని కుదిర్చాక, ఆ పద్ధతే పళ్లకు, ఆకులకు, గింజలకు పాకింది. తేయాకు విషయంలో 2005 నాటి ఐఎస్‌ఓ 14502-1 ప్రమాణం కూడా ఇదే: 70 శాతం మిథనాల్‌తో రసం తీయడం, ఫోలిన్ మందు, గాలిక్ ఆమ్లం స్టాండర్డు, స్పెక్ట్రోఫొటోమీటర్ యంత్రంలో 765 నానోమీటర్ల తరంగపు కాంతిని రంగు ఎంత ఆపిందో చూసే రీడింగు.

సోడియం టంగ్‌స్టేట్, సోడియం మాలిబ్డేట్‌లను ఫాస్ఫారిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలతో మరగబెట్టి, లిథియం సల్ఫేట్, కాస్త బ్రోమిన్ కలిపితే ఈ మందు వస్తుంది. ఇప్పుడు ఎవరూ కాచుకోరు, సీసా కొంటారు. మామూలుగా 2 నార్మల్ గాఢతతో వస్తుంది, వాడే ముందు పది రెట్లు పలచన చేస్తారు. ఫినాలిక్ పదార్థం ఎలక్ట్రాన్లు ఇచ్చినప్పుడు ఇందులోని మాలిబ్డినం, టంగ్‌స్టన్ వాటిని తీసుకుని పసుపు నుంచి నీలానికి మారతాయి. ఇది జరగాలంటే ద్రావణం క్షారంగా ఉండాలి. అందుకు 7.5 శాతం సోడియం కార్బొనేట్ పోస్తారు.

అదే క్షారంలో ఈ మందు తనంతట తానే చెడిపోతుంది కూడా. అందుకే రసంతో ముందు ఫోలిన్ కలిపి, కొన్ని నిమిషాలాగి కార్బొనేట్ పోస్తారు. వరుస తారుమారైతే ఫినాలిక్స్‌తో కలిసేలోపే మందు వీగిపోయి నీలం తగ్గుతుంది. కొత్త విద్యార్థుల రీడింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చే చోట్లలో ఇదొకటి. రసంలో మిథనాల్ మరీ ఎక్కువైతే లవణాలు విడిపోయి ట్యూబు మసకబారడం ఇంకొకటి. మసక కూడా కాంతిని ఆపుతుంది. యంత్రం దాన్నీ రంగుగానే లెక్కేస్తుంది.

వేడి సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకంగా పట్టేది. పద్ధతిలో "గది ఉష్ణోగ్రత దగ్గర రెండు గంటలు" అని ఉంటుంది. రాసినవాళ్ల మనసులో ఉన్నది 20, 25 డిగ్రీలు. ఏసీ లేని ల్యాబులో మే నెల పాలమూరు గది అంటే 38, 40. వేడికి నీలం త్వరగా వస్తుంది, త్వరగా వెలిసిపోతుంది కూడా. స్టాండర్డు ట్యూబులు పొద్దున, సాంపిల్ ట్యూబులు మధ్యాహ్నం చదివితే ఆ తేడా అంకెలోకి ఎక్కుతుంది. రెండింటినీ ఒకేసారి, ఒకే స్టాండులో పెట్టి చదివితే చాలావరకు సర్దుకుంటుంది.

మందు చెడితే రంగే చెబుతుంది. పసుపుపచ్చగా ఉండాల్సిన సీసా ఆకుపచ్చగా మారిందంటే అది అప్పటికే కొంత క్షయకరణం చెందిందని (ఎలక్ట్రాన్లు తీసుకుందని) అర్థం. సీసాలో దుమ్మో, ఏదైనా సేంద్రియ పదార్థమో పడితే చాలు. అలాంటి మందుతో, రసం పోయని బ్లాంకు ట్యూబు కూడా నీలంగా వస్తుంది.

## ఒకే రీడింగు, మూడు జవాబులు

ఇప్పుడు మొదటి రెండు రిపోర్టుల దగ్గరికి వద్దాం. అంకెలు ఉదాహరణ కోసం తేలిగ్గా పెట్టుకున్నవి.

100 మి.గ్రా. గాలిక్ ఆమ్లాన్ని 100 మి.లీ.కి కరిగిస్తే మి.లీ.కి 1,000 మైక్రోగ్రాముల స్టాక్ వస్తుంది. దాన్నుంచి 20, 40, 60, 80, 100 మైక్రోగ్రాముల ద్రావణాలు చేసి రంగు తెప్పించి చదివితే, బ్లాంకు తీసేశాక అబ్జార్బెన్స్ (రంగు కాంతిని పీల్చిన కొలత) 0.20, 0.40, 0.60, 0.80, 1.00 వచ్చిందనుకుందాం. అంటే ఒక్కో మైక్రోగ్రాముకు 0.01. ఈ గీతే కాలిబ్రేషన్.

అర గ్రాము కరక్కాయ పొడి నుంచి 50 మి.లీ. రసం తీసి, దాన్ని 25 రెట్లు పలచన చేసి చదివితే 0.45 వచ్చింది. గీత ప్రకారం మి.లీ.కి 45 మైక్రోగ్రాములు. పలచన లెక్కగట్టి 25తో గుణిస్తే 1,125. మొత్తం 50 మి.లీ.లో 56,250 మైక్రోగ్రాములు, అంటే 56.25 మి.గ్రా. ఇది అర గ్రాముకు. గ్రాముకు 112.5 మి.గ్రా. జీఏఈ.

రెండో ల్యాబులో అదే పొడి, అదే మందు, అదే 0.45. వాళ్లు స్టాండర్డుగా కాటెచిన్ వాడారు. కాటెచిన్ అణువు పెద్దది. గాలిక్ ఆమ్లం అణుభారం 170, దీనిది 290. గ్రాముకు గ్రాము పోలిస్తే ఇది తెప్పించే నీలం తక్కువ. వాళ్ల గీత మైక్రోగ్రాముకు 0.008 అనుకుంటే 0.45కు జవాబు 56.25 మైక్రోగ్రాములు, చివరికి గ్రాముకు 140.6 మి.గ్రా. కాటెచిన్ ఈక్వివలెంట్స్. రంగు తక్కువ ఇచ్చే స్టాండర్డు ఎంచుకుంటే అంకె పెరుగుతుంది. ఎవరూ దొంగలెక్క వేయలేదు.

ఇంకో మెలిక. పొడిలో 10 శాతం తేమ ఉంటే, ఎండు బరువు లెక్కన మొదటి ల్యాబు అంకె 112.5ను 0.9తో భాగించాలి: 125. కరక్కాయలో ఇది చిన్న తేడా. సీతాఫలం గుజ్జో బత్తాయి తొనలో అయితే పండు బరువులో ఎక్కువ భాగం నీళ్లే. అక్కడ పచ్చి బరువుకూ ఎండు బరువుకూ మధ్య అంకె కొన్ని రెట్లు మారిపోతుంది.

## సీసా మీద రాసింది, సీసాలో ఉన్నది

స్టాండర్డు సీసా కొనేటప్పుడు చాలామంది పేరు, ధర చూస్తారు. అసలు చూడాల్సింది క్యాస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), దానితో వచ్చే సర్టిఫికెట్. గాలిక్ ఆమ్లం రెండు రూపాల్లో అమ్ముతారు. నీరు లేనిది 149-91-7, అణుభారం 170.12. ఒక నీటి అణువుతో కలిసినది, అంటే మోనోహైడ్రేట్, 5995-86-8, అణుభారం 188.13. రెండూ తెల్లటి పొడులే, కంటికి తేడా తెలియదు. 100 మి.గ్రా. మోనోహైడ్రేట్ తూచితే అందులో గాలిక్ ఆమ్లం 90.4 మి.గ్రా. మాత్రమే. తూచినవాడు దాన్ని వంద అనుకుని గీత గీస్తే జవాబులన్నీ దాదాపు పదిన్నర శాతం పెరుగుతాయి. మన ఉదాహరణలో మొదటి ల్యాబు తూచింది మోనోహైడ్రేటై, ఎవరూ సవరించకపోతే, 112.5 కాస్తా అసలుకు 101.7. క్వెర్సెటిన్‌కూ ఇదే తంటా: నీరు లేనిది 302.24, డైహైడ్రేట్ 338.27. రూటిన్ మూడు నీటి అణువులతో వస్తుంది.

"98 శాతం, హెచ్‌పీఎల్‌సీ ప్రకారం" అన్న మాట కూడా జాగ్రత్తగా చదవాల్సినదే. హెచ్‌పీఎల్‌సీ అంటే మిశ్రమంలోని పదార్థాల్ని విడగొట్టి ఒక్కోదాన్ని ఒక్కో శిఖరంగా గ్రాఫు గీసే యంత్రం. ఆ గ్రాఫు మీద కనిపించిన శిఖరాల వైశాల్యంలో 98 శాతం ఈ పదార్థానిదని దాని అర్థం. నీరు, ఉప్పులు, మిగిలిన ద్రావకం ఆ గ్రాఫులో కనిపించవు. సర్టిఫికెట్‌లో తేమ 5 శాతమని వేరేగా రాసి ఉంటే, బరువులో అసలు పదార్థం 98లో 95 శాతం, అంటే 93.1. సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియల్ అనే ఖరీదైన తరగతిలో ఈ లెక్కలన్నీ తయారీదారే వేసి, అనిశ్చితి ఎంతో కూడా రాసి ఇస్తాడు. అలాంటి తయారీదారులకు ఐఎస్‌ఓ 17034 అనే ప్రమాణం ఉంది. పరీక్షలు చేసే ల్యాబులకు ఉన్నది 17025. మన దేశంలో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు దాని ప్రకారమే ఇస్తారు.

మరి ప్రతి పరీక్షకూ ఆ ఖరీదు సీసాయే కావాలా? అక్కర్లేదని నా ఉద్దేశం. ఫోలిన్ పరీక్షలో రసం తీయడం, వేడి, ఇతర పదార్థాల అడ్డం కలిసి తెచ్చే తేడా ముందు, 98 శాతం గాలిక్ ఆమ్లానికీ 99.5 శాతానికీ ఉన్న తేడా చిన్నది. ఏఆర్ గ్రేడు (పరీక్షల కోసం స్వచ్ఛంగా చేసిన) సీసా, అందులో ఏ రూపం ఉందో తెలిసి ఉండటం, ఎండబెట్టి డెసికేటర్లో (తేమ చేరని మూత పాత్రలో) దాచుకోవడం చాలు. ఎల్‌ఆర్ గ్రేడు అనేది చదువు చెప్పే ప్రాక్టికల్స్‌కు. స్వచ్ఛత ఎంతో గట్టిగా చెప్పని సీసా మీద గీత గీస్తే ఆ గీతకు పునాది ఉండదు.

కరిగించాక కూడా స్టాండర్డు ఊరుకోదు. గాలిక్ ఆమ్లం ద్రావణం గాలికి ఆక్సీకరణం చెంది మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. స్టాక్‌ను ఫ్రిజ్‌లో చీకట్లో రెండు వారాల వరకు వాడటం ఆనవాయితీ. బల్ల మీద ఎండ పడే చోట వదిలేస్తే అంతకుముందే చెడుతుంది.

టానిక్ యాసిడ్‌ది మరీ వింత. టానిన్ల పరీక్షకు స్టాండర్డుగా చాలా చోట్ల దీన్నే వాడతారు. సీసా మీద ఒక ఫార్ములా, 1701.2 అనే అణుభారం కూడా ఉంటాయి. కానీ లోపల ఉన్నది ఒకే పదార్థం కాదు. చక్కెరకు వేర్వేరు సంఖ్యల్లో గాలిక్ ఆమ్లాలు అతుక్కున్న అణువుల మిశ్రమం. ఏ చెట్టు కాయలనుంచి, ఏ బుడిపెలనుంచి తీశారన్నదాన్ని బట్టి మిశ్రమం మారుతుంది. ఒక కంపెనీ సీసా అయిపోయి ఇంకో కంపెనీది తెరిస్తే గీత వాలు మారినా ఆశ్చర్యం లేదు.

## బత్తాయి రసం రెండు పద్ధతుల్నీ బోల్తా కొట్టించే తీరు

నల్లగొండ బత్తాయి, అంటే సాత్‌గుడి రకం, ఈ పరీక్షలకు అసలైన పరీక్ష. ఫోలిన్ మందుకు ఫినాలిక్స్ అని వేరే గుర్తుపట్టే తెలివి లేదు. ఎలక్ట్రాన్లు ఇచ్చే దేనితోనైనా నీలమవుతుంది. విటమిన్ సి అలాంటిదే. బత్తాయి రసం 100 మి.లీ.లో విటమిన్ సి పదుల మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఫినాలిక్స్ కూడా ఇంచుమించు ఆ కొలతలోనే ఉంటాయి. అంటే ట్యూబులో కనిపించే నీలంలో మంచి వాటా విటమిన్ సిదే కావచ్చు. ఉసిరికాయ రసంలోనూ ఇదే ఇబ్బంది. చక్కెరలు, కొన్ని ప్రోటీన్లు కూడా కొంత కలుస్తాయి. అసలు ఈ మందు పుట్టిందే టైరోసిన్ కోసమని చెప్పుకున్నాం కదా.

దీన్ని దాటే దారులు ఉన్నాయి. విటమిన్ సిని వేరే పద్ధతిలో కొలిచి, అంత విటమిన్ సి ఫోలిన్‌తో ఎంత రంగిస్తుందో చూసి తీసేయడం ఒకటి. చిన్న కార్ట్రిడ్జి గుండా రసం పోసి విటమిన్ సి, చక్కెరల్ని నీళ్లతో కడిగేసి, అందులో అంటుకున్న ఫినాలిక్స్‌ను మిథనాల్‌తో దింపడం రెండోది. టానిన్లు ఎక్కువున్న వాటికి మరో ఉపాయం: పీవీపీపీ అనే కరగని పొడి కలిపితే అది టానిన్లను పట్టుకుని అడుగున కూర్చుంటుంది. ముందు, తరువాత రీడింగుల తేడాయే టానిన్లు. పీవీపీపీ పట్టనివి రెండు రీడింగుల్లోనూ ఉంటాయి కాబట్టి తీసివేతలో పోతాయి.

ఇక ఫ్లేవనాయిడ్ల పరీక్ష బత్తాయిని రెండో వైపునుంచి దెబ్బ తీస్తుంది. ఎక్కువమంది వాడేది అల్యూమినియం క్లోరైడ్, క్వెర్సెటిన్ స్టాండర్డు, 415 నానోమీటర్లు. అల్యూమినియం ఫ్లేవనాయిడ్‌ను కొన్ని ప్రత్యేక స్థానాల్లో పట్టుకుని పసుపు రంగు కడుతుంది. క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాల్స్‌కు ఇది బాగా పని చేస్తుంది. బత్తాయిలో ముఖ్యమైనవి హెస్పెరిడిన్ లాంటి ఫ్లేవనోన్లు. వాటి నిర్మాణంలో ఒక జంటబంధం తక్కువ, అందువల్ల 415 దగ్గర వాటి రంగు చాలా బలహీనం. ఫలితం ఏమిటంటే, అదే రసానికి ఫోలిన్ అంకె ఉన్నదానికంటే ఎక్కువ, అల్యూమినియం అంకె ఉన్నదానికంటే తక్కువ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి "మొత్తం ఫినాలిక్స్‌లో ఫ్లేవనాయిడ్లు ఇంత శాతం" అని భాగహారం చేస్తే వచ్చేదానికి అర్థం లేదు.

నిమ్మజాతి పళ్లకు వేరే పద్ధతి ఎప్పుడో వచ్చింది. 1947లో డేవిస్ ప్రకటించిన పరీక్షలో డైఎథిలిన్ గ్లైకాల్‌లో క్షారం కలిపితే ఫ్లేవనోన్లు పసుపు రంగిస్తాయి, దాన్ని 420 దగ్గర చదువుతారు. డైనైట్రోఫినైల్‌హైడ్రజీన్‌తో చేసే పద్ధతి కూడా ఫ్లేవనోన్ల కోసమే. వీటికి స్టాండర్డుగా హెస్పెరిడిన్ తీసుకుంటే అది నీళ్లలో, మిథనాల్‌లో సరిగా కరగదని గుర్తు పెట్టుకోవాలి. డైమిథైల్ సల్ఫాక్సైడ్ లాంటి ద్రావకం కావాలి. కరగని గుండ అడుగున ఉండగానే గీత గీస్తే స్టాండర్డు బలహీనంగా కనిపించి సాంపిల్ అంకె పెరుగుతుంది.

## ఎర్ర జొన్న అయితే టానిన్ ఉన్నట్టేనా

జొన్న గురించి రెండు పరస్పర విరుద్ధమైన మాటలు వింటాం. టానిన్లు ఉంటాయి కాబట్టి ఇనుము, ప్రోటీన్ ఒంటబట్టవని ఒకటి. టానిన్లు ఉంటాయి కాబట్టి యాంటీ ఆక్సిడెంట్ అని ఇంకొకటి. రెండింటికీ ముందు అడగాల్సింది, ఈ జొన్నలో అసలు టానిన్ ఉందా అని. మనం రొట్టెలకు వాడే తెల్ల జొన్న రకాల్లో సాధారణంగా ఉండదు. పొట్టు కింద టెస్టా అనే రంగు పొర ఉన్న రకాల్లోనే కండెన్స్‌డ్ టానిన్లు ఉంటాయి. పైపొట్టు ఎరుపు చూసి చెప్పలేం. ఎర్రగా ఉండి టానిన్ లేని జొన్నలున్నాయి.

ఉందో లేదో తేల్చడానికి చవకైన పరీక్ష ఉంది: గింజల్ని క్షారం కలిపిన బ్లీచ్ ద్రావణంలో నానబెడితే పైపొట్టు కరిగిపోతుంది. టెస్టా ఉన్న గింజ నల్లగా, లేనిది తెల్లగా తేలుతుంది. ఎంత ఉందో చెప్పడానికి వానిలిన్-హైడ్రోక్లోరిక్ ఆమ్లం పరీక్ష, 500 నానోమీటర్ల దగ్గర. ఐస్‌క్రీము సువాసనిచ్చే వానిలిన్ ఆమ్లంలో టానిన్ గొలుసుతో కలిసి ఎర్రబడుతుంది. స్టాండర్డు కాటెచిన్. ఇక్కడా తిరకాసుంది. కాటెచిన్ ఒంటరి అణువు, టానిన్ గొలుసు. మిథనాల్‌లో ఈ రెండూ వానిలిన్‌తో ఒకే తీరులో కలవవు. అందుకే కాటెచిన్ లెక్కన చెప్పిన టానిన్ అంకె అసలు బరువు కంటే ఎక్కువగా రావచ్చు. పైగా ఎర్ర, నల్ల జొన్నల్లో సహజంగానే ఉండే రంగులు అదే 480-500 ప్రాంతంలో కాంతిని పీలుస్తాయి. వానిలిన్ లేకుండా ఆమ్లం మాత్రమే పోసిన బ్లాంకు ట్యూబు ప్రతి సాంపిల్‌కూ వేరేగా పెట్టకపోతే, టానిన్ లేని ఎర్ర జొన్నకు కూడా రిపోర్టులో టానిన్ వచ్చేస్తుంది.

తృణధాన్యాల్లో ఇంకో సంగతి రీజెంటు దాకా రాకముందే జరిగిపోతుంది. ఫెరూలిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం గింజ కణాల గోడలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. మిథనాల్ దాన్ని కదపలేదు. సోడియం హైడ్రాక్సైడ్‌తో విడగొడితేనే బయటికొస్తుంది. మిథనాల్ రసంతో చేసిన జొన్న, సజ్జల అంకెలు తక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

## యాంటీ ఆక్సిడెంట్ పరీక్షల సంగతి

డీపీపీహెచ్ అనే, జతలేని ఎలక్ట్రాన్ ఉన్న ఊదారంగు రాడికల్‌తో చేసే పరీక్షను 1958లో బ్లాయిస్ ప్రకటించాడు. మొక్క రసం కలిపితే ఊదా తగ్గుతుంది, 517 దగ్గర చదువుతారు. సగం రంగు పోగొట్టడానికి ఎంత రసం కావాలో ఐసీ50గా చెబుతారు. ఈ అంకె చిన్నదైతే శక్తి ఎక్కువని లెక్క. మొదట ఎంత డీపీపీహెచ్ పోశారు, ఎన్ని నిమిషాలాగారు అన్నదాన్ని బట్టి ఐసీ50 మారిపోతుంది కాబట్టి ఒక పేపరులోని అంకెను ఇంకో పేపరు అంకెతో నేరుగా పోల్చలేం. విటమిన్ సి లేదా విటమిన్ ఇ పోలికగా తయారుచేసిన ట్రోలాక్స్‌ను అదే రోజు, అదే మందుతో పక్కన పెట్టి చదివితే కొంత నయం.

ట్యూబులో రంగు పోగొట్టడానికీ ఒంట్లో పని చేయడానికీ సంబంధం తేలలేదు. ఓర్యాక్ అనే ఇలాంటి మరో కొలతతో పళ్లు, సుగంధ ద్రవ్యాల పెద్ద పట్టికను నడిపిన అమెరికా వ్యవసాయ శాఖ, కంపెనీలు ఆ అంకెల్ని ప్రకటనలకు వాడుకుంటున్నాయని చెప్పి 2012లో దాన్ని తీసేసింది.

## ఫోలిన్ మానేయాలా, ఉంచాలా

ఈ ఇబ్బందులన్నీ చూసి ఫోలిన్ అంకెను "మొత్తం ఫినాలిక్స్" అనడమే తప్పు, "మొత్తం క్షయకరణ శక్తి" అనాలనే వాదం బలంగా ఉంది. అందులో నిజముంది, బత్తాయి ఉదాహరణే చాలు. ఉంచాలనేవాళ్ల మాటలోనూ పస ఉంది. కొన్ని ట్యూబులు, ఒక మామూలు స్పెక్ట్రోఫొటోమీటర్ ఉన్న జిల్లా కాలేజీలో కూడా చేయగలిగిన పరీక్ష ఇది. ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో పది రకాల కరక్కాయల్నో, వేర్వేరు తోటల మామిడి తొక్కనో ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది బాగానే పనికొస్తుంది. నాకైతే గొడవంతా ఆ పోలికను ల్యాబు గోడ దాటించి ప్యాకెట్ మీదికి ఎక్కించడంలోనే కనిపిస్తుంది.

చట్టం పేరు పెట్టి అడిగితే ఎలా ఉంటుందో యూరప్ ఆలివ్ నూనె విషయంలో చూడొచ్చు. అక్కడి 432/2012 నిబంధన ప్రకారం నూనె మీద పాలీఫినాల్స్ మేలు గురించి రాసుకోవాలంటే 20 గ్రాముల నూనెలో కనీసం 5 మి.గ్రా. హైడ్రాక్సీటైరోసాల్, దాని ఉత్పన్నాలు ఉండాలి. అంటే ఫోలిన్ నీలం సరిపోదు. ఫలానా పదార్థాల్ని విడివిడిగా కొలవాలి.

విడివిడిగా కొలవడం హెచ్‌పీఎల్‌సీ పని. సన్నటి కాలమ్ గుండా రసం పోతుంటే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. గాలిక్ ఆమ్లం, కాటెచిన్‌లను 280 దగ్గర, ఫెరూలిక్ లాంటివాటిని 320 దగ్గర, ఫ్లేవనాల్స్‌ను 360 దగ్గర చూస్తారు. ద్రావకాలు కూడా హెచ్‌పీఎల్‌సీ గ్రేడువే కావాలి. ఏఆర్ మిథనాల్‌లో మామూలు పరీక్షకు పట్టని మలినాలు ఇక్కడ శిఖరాలై లేస్తాయి. అన్నిటికంటే బరువైనది స్టాండర్డుల ఖర్చు. పేరు చెప్పాలనుకున్న ప్రతి పదార్థానికీ దాని సొంత స్టాండర్డు ఉండాలి. గాలిక్ ఆమ్లం చవకే. కరక్కాయకు ప్రత్యేకమైన చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాల్లాంటివి కొద్ది మిల్లీగ్రాములకే వేల రూపాయలు అడుగుతాయి. అందుకని గ్రాఫులో పేరు తెలియని పెద్ద శిఖరాలు మిగిలిపోతాయి. వాటిని లెక్కలోకి తేవాల్సి వస్తే, 280 దగ్గర గాలిక్ ఆమ్లం గీతనే వాడి "గాలిక్ ఆమ్లం లెక్కన" అని రిపోర్టులో రాస్తారు.